రికార్డ్ ప్లేయర్ కలపగానే గుంయ్‌మంటోందా? పాత రిసీవర్ ఉన్నవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

అటక మీది పాత పయనీర్ రిసీవర్‌నో (రేడియో, ఆంప్లిఫయర్ కలిసి ఉన్న డబ్బా) సాన్సుయినో దింపి, ఎర్రగడ్డ సండే మార్కెట్‌లోనో జుమ్మేరాత్ బజార్‌లోనో ఒక ప్లేయర్ కొనుక్కొచ్చి, రెండూ కలిపాక పాట కంటే ముందు మోత వినాల్సి వచ్చినవాళ్ళ కోసం ఇది. నల్గొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, దేవరకొండ వైపు నుంచి అడిగేవాళ్ళవి దాదాపు ఇవే ప్రశ్నలు. "పాత సామాను కదా, అట్లనే గుంయ్‌మంటది" అని ఎవరైనా అంటే నమ్మకండి. 1970ల నాటి రిసీవర్ అయినా సరిగ్గా ఉంటే, మామూలుగా వినే వాల్యూంలో కుర్చీలో కూర్చున్న మనిషికి మోత వినపడకూడదు. కారణం చాలాసార్లు డబ్బా లోపల ఉండదు, వెనకాల వైర్లలో ఉంటుంది. కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఇది చివరిదాకా చదవండి.

అన్నా, రేడియో నీట్‌గా వస్తోంది, ఆక్స్‌లో ఫోన్ పెట్టినా నీట్‌గా ఉంది, ఫోనోకి తిప్పితేనే గుంయ్. రిసీవర్ పోయినట్టేనా?

పోయి ఉండకపోవచ్చు. ఆక్స్ అంటే ఫోన్ లాంటివి కలిపే మామూలు ఇన్‌పుట్, ఫోనో అంటే రికార్డ్ ప్లేయర్ కోసమే ఉన్న ఇన్‌పుట్. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకుని, దాని కదలికని సిగ్నల్‌గా మార్చే ముక్క) ఇచ్చేది 3 నుంచి 6 మిల్లీవోల్టులు, అంతే. మీ ఫోన్ నుంచి ఆక్స్‌కి వచ్చే సిగ్నల్ దీనికి వంద రెట్లకు పైనే ఉంటుంది. ఆ తేడా పూడ్చడానికి రిసీవర్‌లోని ఫోనో సర్క్యూట్ సిగ్నల్‌ని సుమారు 100 రెట్లు, అంటే 40 డెసిబెల్స్ పెంచుతుంది. అక్కడితో ఆగదు. రికార్డు తయారుచేసేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి గాడి కోస్తారు, ఆర్‌ఐఏఏ అనే పద్ధతి ప్రకారం. 1950ల నడుమ నుంచి అందరూ వాడేది అదే. వినేటప్పుడు ఫోనో సర్క్యూట్ దాన్ని తిరగేసి బేస్‌ని మళ్ళీ పైకి లేపుతుంది. మన కరెంటేమో 50 హెర్ట్జ్, సరిగ్గా ఆ బేస్ ప్రాంతంలోనే ఉంది, అక్కడ ఈ పెంపు ఇంకో 17 డెసిబెల్స్ దాకా ఉంటుంది. రెండూ కలిపితే 700 రెట్లు. వైర్ల మీద పడిన ఏ చిన్న కరెంటు మోతైనా 700 రెట్లు పెరిగి స్పీకర్‌లోకి వస్తుందన్నమాట, ఆక్స్‌లో అయితే అదే మోత మీ చెవిదాకా వచ్చేదే కాదు.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి?

పైసా ఖర్చు లేని పరీక్షలతో. వైర్లు తీసేటప్పుడు, పెట్టేటప్పుడు, సెలెక్టర్ తిప్పేటప్పుడు మాత్రం వాల్యూం కిందికి దించండి, లేకపోతే ఒక్క "ధడ్" శబ్దానికి పాత స్పీకర్ కోన్ పోతుంది.

సూది రికార్డు మీద పెట్టకుండా, ఫోనోలో ఉంచి, వాల్యూం అటూ ఇటూ తిప్పి చూడండి. వాల్యూం సున్నాకి తెచ్చినా మోత అంతే ఉంటే ప్లేయర్‌ని అనవసరంగా తిట్టకండి, గొడవ రిసీవర్ లోపలే, దాని సంగతి కింద ఉంది. వాల్యూంతో పాటు మోత పెరిగి తగ్గుతుంటే అది వాల్యూం నాబ్ కంటే ముందు ఎక్కడో పుడుతోంది. అప్పుడు ప్లేయర్ కరెంటు ప్లగ్గును గోడ నుంచి పీకండి, సిగ్నల్ వైర్లు మాత్రం అలాగే ఉండనివ్వండి. మోత పోతే ప్లేయర్ మోటారు వైపు చూడాలి, పోకపోతే ఎర్త్ వైరు, ఆర్‌సీఏ వైర్లు (ఎర్ర, తెల్ల పిన్నుల సిగ్నల్ వైర్లు), కార్ట్రిడ్జ్ వైపు.

తర్వాత ఆర్‌సీఏ వైర్లు కూడా పీకేసి వింటారు అందరూ, ఇక్కడే చాలామంది తప్పు నిర్ణయానికి వస్తారు. ఫోనో జాక్ ఖాళీగా ఉంటే అదే యాంటెనాలా మోతను లాగుతుంది, కొంచెం మోత రావడం మామూలే. సరిగ్గా తెలియాలంటే పాత ఆర్‌సీఏ పిన్నులు రెండు తీసుకుని, నడిమి పిన్నునీ బయటి రింగునీ ఒక చిన్న వైరు ముక్కతో సోల్డర్ చేసి ఫోనో జాకుల్లో పెట్టండి. అప్పుడు దాదాపు నిశ్శబ్దంగా ఉండాలి. ఉంటే రిసీవర్ ఫోనో బోర్డు బాగున్నట్టే. ఈ షార్ట్ పిన్నుల్ని ఇన్‌పుట్ జాకుల్లో మాత్రమే పెట్టాలి, టేప్ అవుట్, ప్రీ అవుట్ లాంటి సిగ్నల్ బయటికి పోయే జాకుల్లో పెట్టారంటే కొత్త రిపేరు తెచ్చుకున్నట్టే.

ఆ సన్న ఎర్త్ వైరు ఎక్కడ పెట్టాలి? మా ప్లేయర్‌కి అసలు ఆ వైరే కనపడటం లేదు.

రిసీవర్ వెనకాల ఫోనో జాకుల పక్కనే ఒక స్క్రూ ఉంటుంది, జీఎన్‌డీ అనో గ్రౌండ్ అనో రాసి ఉంటుంది. ప్లేయర్ నుంచి ఆర్‌సీఏ వైర్లతో పాటు వచ్చే సన్న వైరు, చివర రేకు క్లిప్పు ఉండేది, అక్కడ బిగించాలి. నాకు తెలిసి మోత ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తీరిపోతాయి, ఎందుకంటే సెకండ్ హ్యాండ్ సామాను చేతులు మారేటప్పుడు మొదట తెగేది ఆ వైరే. తెగితే మామూలు సన్న వైరు అతకండి, ఖరీదైనది అక్కర్లేదు. స్క్రూకి తుప్పు పట్టినా, రేకు నల్లబడినా గీకి శుభ్రం చేసి బిగించండి. రిసీవర్‌కి ఆ స్క్రూ లేకపోతే డబ్బా వెనక పెయింట్ లేని స్క్రూ ఏదైనా పనికొస్తుంది.

వైరు లేని ప్లేయర్లూ ఉన్నాయి. రేగా అనే ప్లేయర్ కంపెనీ వాళ్ళు విడి ఎర్త్ వైరు ఇవ్వరు, ఆర్మ్ (సూదిని మోసే కడ్డీ) ఎర్త్‌ని ఎడమ చానల్ వైరు షీల్డుతోనే (చుట్టూ ఉండే లోహపు పొర) కలిపేస్తారు, అక్కడ మీరు ఇంకో వైరు తగిలిస్తే మోత తగ్గకపోగా పెరగొచ్చు. కాబట్టి పెట్టి చూడండి, తీసి చూడండి, ఏది నిశ్శబ్దంగా ఉంటే అది ఉంచండి.

ఒక్కటి మాత్రం చేయకండి: ఆ వైరుని తీసుకెళ్ళి గోడ సాకెట్ పై రంధ్రంలో గుచ్చకండి. ఎర్త్ అంటే ఎర్తే కదా అనుకుంటారు. ఇది ప్లేయర్‌నీ రిసీవర్‌నీ ఒకే మట్టానికి తెచ్చే వైరు, భూమిలోకి పోవాల్సినది కాదు.

ఆర్మ్ మీద చెయ్యి పెడితే మోత మారుతోంది.

మంచిదే, జాడ దొరికినట్టే. ముట్టుకుంటే మోత తగ్గుతోందంటే ఆర్మ్ లోహం ఎర్త్‌కి కలవలేదు, మీ ఒళ్ళు ఆ పని చేస్తోంది. ప్లేయర్ అడుగున ఆర్మ్ నుంచి వచ్చే ఎర్త్ వైరు సోల్డర్ ఊడిందేమో చూడాలి. రిసీవర్ డబ్బా ముడితే మోత మారుతున్నా దాదాపు ఇదే రకం సంగతి. ముట్టుకుంటే చేతికి జిమ్మని తగులుతుంటే మాత్రం పాట సంగతి తర్వాత, ముందు ప్లగ్గు పీకండి.

ఒక్క స్పీకర్‌లోనే మోత. రెండోది బాగుంది.

ఆర్‌సీఏ ఎర్ర, తెల్ల పిన్నుల్ని రిసీవర్ దగ్గర తారుమారు చేయండి. మోత రెండో స్పీకర్‌కి మారితే తప్పు ప్లేయర్ వైపుది, మారకుండా అదే స్పీకర్‌లో ఉంటే రిసీవర్‌ది. ఇంత తేలికైన పరీక్ష చేయకుండా కార్ట్రిడ్జ్‌లు మార్చేవాళ్ళని చూస్తే జాలేస్తుంది.

ప్లేయర్ వైపు అయితే ముందు హెడ్‌షెల్ (ఆర్మ్ కొసన కార్ట్రిడ్జ్ బిగించే ముక్క) చూడండి. కార్ట్రిడ్జ్ వెనక నాలుగు పిన్నులు: తెలుపు ఎడమ సిగ్నల్, నీలం ఎడమ గ్రౌండ్, ఎరుపు కుడి సిగ్నల్, ఆకుపచ్చ కుడి గ్రౌండ్. నీలమో ఆకుపచ్చో లూజ్ అయితే ఆ చానల్‌లో పాట సన్నగా వస్తూ మోత మాత్రం గట్టిగా ఉంటుంది. పట్టకారుతో మెల్లగా పీకి, క్లిప్పు కాస్త బిగించి పెట్టండి, లాగితే వెంట్రుక లాంటి ఆ వైరు తెగుతుంది, తర్వాత అతకడం నరకం. విడదీసే హెడ్‌షెల్ అయితే వెనక ఉన్న నాలుగు చుక్కల్లాంటి పిన్నుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మల్టీమీటర్‌తో వైర్లు చూడాలనుకుంటే కార్ట్రిడ్జ్ విప్పేసి వైర్లను మాత్రమే చూడండి.

కొన్ని కార్ట్రిడ్జ్‌లకి ఒక గ్రౌండ్ పిన్నుని లోహపు ఒంటికి కలిపే చిన్న రేకు ఉంటుంది. ఆర్మ్‌కి వేరే ఎర్త్ వైరు ఉన్నచోట ఆ రేకు వల్ల రెండు దారులు ఏర్పడి మోత పుట్టొచ్చు.

సూది లోపలికి, లేబుల్ వైపు పోయేకొద్దీ మోత పెరుగుతోంది.

ఇది ఎర్త్ గొడవ కాదు, అయస్కాంతం గొడవ. కార్ట్రిడ్జ్‌లో ఉండేవి సన్నటి తీగ చుట్లు, మోటారు చుట్టూ, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే క్షేత్రం వాటిలో 50 హెర్ట్జ్ పుట్టిస్తుంది. ప్లేయర్ మోటారు ఆపి, ఆర్మ్‌ని చేత్తో రికార్డు మీదుగా గాలిలో అటూ ఇటూ జరిపి వినండి, మోత ఎక్కడ ఎక్కువైతే ఆ వైపే దొంగ ఉన్నాడు. మోటారు ఆపినా ఉంటే కింద ఉన్న రిసీవరే కారణం, ఎందుకంటే మనవాళ్ళు చోటు లేక ప్లేయర్‌ని రిసీవర్ నెత్తిన పెడతారు. పక్కకి రెండు మూడు అడుగులు జరపండి. స్టెబిలైజర్, ఇన్వర్టర్ కూడా ట్రాన్స్‌ఫార్మర్లే అని మర్చిపోవద్దు. గ్రాడో కంపెనీ కార్ట్రిడ్జ్‌లకి కవచం తక్కువ, కొన్ని ప్లేయర్ల మోటార్ల దగ్గర అవి మోగుతాయని అందరికీ తెలిసిందే, అలాంటి జంట పడితే కార్ట్రిడ్జ్ మార్చడం తప్ప వేరే దారి లేదు.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన రిసీవర్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం. దానివల్లనా?

కావచ్చు. చవక స్టెప్‌డౌన్ (మన 230 వోల్టుల్ని తగ్గించే) డబ్బా చుట్టూ క్షేత్రం బలంగా ఉంటుంది, దాన్ని ప్లేయర్ స్టాండ్ నుంచి దూరంగా, నేల మీద పెట్టండి. వాటేజ్ రిసీవర్ వెనక రాసినదానికంటే బాగా ఎక్కువ ఉండాలి. జపాన్ లోపల అమ్మినవి 100 వోల్టులవి, అమెరికావి 120. వాటిని నేరుగా మన 230లో పెట్టారంటే మోత ప్రశ్నే ఉండదు, పొగ వస్తుంది. కొన్ని ఎగుమతి మోడళ్ళకి వెనకాల వోల్టేజ్ సెలెక్టర్ ఉంటుంది, ముందు అది చూసుకోండి.

ప్లేయర్ కూడా అమెరికాదే అయితే ఇంకో చిక్కు. పాత సింక్రనస్ మోటార్ల వేగం వోల్టేజ్ మీద కాదు, హెర్ట్జ్ మీద ఆధారపడుతుంది. అక్కడ 60, ఇక్కడ 50. నిమిషానికి 33⅓ తిరగాల్సింది 28 కంటే తక్కువకి పడిపోతుంది, పాడేవాళ్ళందరికీ జలుబు చేసినట్టు వినిపిస్తుంది. 50 హెర్ట్జ్ పుల్లీ (మోటారు మీది చిన్న చక్రం) కావాలి, స్టెప్‌డౌన్ దీన్ని బాగుచేయలేదు.

మా ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేదని ఎలక్ట్రీషియన్ అన్నాడు. మోత దానివల్లేనా?

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. పాత రిసీవర్లలో చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్గే. అవి ఇంటి ఎర్త్‌ని అసలు వాడుకోవు. ప్లేయరూ రెండు పిన్నులదే అయితే గోడలో ఎర్త్ ఉన్నా లేకపోయినా మోతలో పెద్ద తేడా రాదు. తేడా వచ్చేది దానికి కంప్యూటరో, మూడు పిన్నుల సబ్‌వూఫరో కలిపినప్పుడు. కంప్యూటర్ పవర్ సప్లైలోని ఫిల్టర్ కొంచెం కరెంటుని ఎర్త్‌లోకి వదిలేస్తుంది, అది దాని పని. ఎర్త్ లేకపోతే ఆ కరెంటుకి పోయే దారి ఉండదు, దాని డబ్బా మీద మెయిన్స్‌లో సగం వోల్టేజ్ తేలుతుంది, ముడితే జిమ్‌మంటుంది, ఆడియో వైరు షీల్డ్ మీదుగా మీ రిసీవర్‌లోకి వస్తుంది. ఫోనో దాన్ని వదలదు.

మన వైపు చెల్క నేల, కొద్దిగా తవ్వితే రాయి. ఉప్పు, బొగ్గు వేసి ఎర్తింగ్ గుంత చేసినా ఏప్రిల్, మే వచ్చేసరికి ఎండిపోతుంది, ఎండిన మట్టి కరెంటుని మోయదు. వానాకాలంలో లేని మోత ఎండాకాలంలో వస్తోందంటే ముందు ఆ గుంతలో నాలుగు బకెట్ల నీళ్ళు పోసి చూడండి. చాలా ఇళ్ళలో గుంత ఎక్కడుందో కూడా మర్చిపోయి పైన బండలు పరిచేశారు, అది వేరే కథ.

కొందరు ఎలక్ట్రీషియన్లు ఎర్త్ లేనిచోట సాకెట్‌లో న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకి లింక్ చేస్తారు. ఒప్పుకోకండి. బయట న్యూట్రల్ తెగిన రోజు మీ రిసీవర్ డబ్బా మొత్తం 230 వోల్టులతో కూర్చుంటుంది. సాకెట్ పరీక్ష మాత్రం తెలిసినవాళ్ళతోనే చేయించండి: ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఎంత ఉందో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు అంతే ఉండాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. పదుల్లో చూపిస్తే పని ఉంది.

ఎర్త్ పిన్ను కోసేస్తే మోత పోతుందని ఒకరు చెప్పారు.

పోవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. కోయకండి. రెండు పిన్నుల ప్లగ్గు అయితే తిప్పి పెట్టి చూడండి, దానికి ఏ ప్రమాదమూ లేదు, కొన్నిసార్లు మోత సగానికి పడిపోతుంది. మూడు పిన్నుల సామాను రెండు ఉంటే ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో పెట్టండి, వేరువేరు గదుల సాకెట్లలో కాదు.

టీవీ కలిపినప్పుడే మోత వస్తోంది.

కేబుల్ వైరు. దాని షీల్డ్ బయట ఎక్కడో స్తంభం దగ్గర ఎర్త్ అయి ఉంటుంది, మీ ఇంటి ఎర్త్ ఇంకోచోట, రెండింటి మధ్య తేడా మీ రిసీవర్ గుండా పారుతుంది. సెట్‌టాప్ బాక్స్ వెనక కేబుల్ విప్పి చూడండి. మోత ఆగిపోతే టీవీ నుంచి రిసీవర్‌కి ఆప్టికల్ వైరు, దానికో చిన్న కన్వర్టర్ పెట్టుకోండి, అందులో కరెంటు దారి ఉండదు.

గుంయ్ కాదు, జుర్ర్‌మని గరుకుగా వస్తోంది.

సాయంత్రమే వస్తోందా? ఫ్యాన్ రెగ్యులేటర్ కట్టేసి చూడండి. మెట్లు లేకుండా సాఫీగా తిరిగే ఎలక్ట్రానిక్ రకం రెగ్యులేటర్లు కరెంటు అలని ముక్కలు చేస్తాయి, ఆ శబ్దం ఇదే. చవక ఎల్ఈడీ బల్బు, రెండు పిన్నుల చార్జర్, ట్యూబ్‌లైట్ చోక్ కూడా అనుమానితులే. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే వస్తే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది, దాని మీద పాటలు వినకండి, అంతే.

స్పీకర్‌లోంచి కాదు, రిసీవర్ డబ్బాలోంచే మూలుగు వినిపిస్తోంది. రాత్రిపూట ఎక్కువ.

అది ట్రాన్స్‌ఫార్మర్ రేకుల కంపనం. ఊళ్ళలో లోడ్ తగ్గిన రాత్రి వేళ వోల్టేజ్ 240 దాటి పోతుంటుంది, 220కి పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ అప్పుడు మూలుగుతుంది. వెనక సెలెక్టర్‌లో 240 ఉంటే ప్లగ్గు పీకి దానికి మార్చండి. పాటకి నష్టం లేదు.

వాల్యూం పెంచితే మోత ఊళలా మారి, సూది ఎత్తగానే ఆగిపోతోంది.

కరెంటుతో పని లేదు. స్పీకర్ల కంపనం స్టాండ్ గుండా సూదికి చేరి మళ్ళీ స్పీకర్‌కి పోతోంది. స్పీకర్లూ ప్లేయరూ ఒకే బల్ల మీద ఉన్నాయి కదూ? విడదీయండి. గోడకి బిగించిన అర అయితే ఇంకా మేలు.

కొత్త ప్లేయర్ పాత రిసీవర్‌కి కలిపితే పాట పగిలినట్టు, మోతతో వస్తోంది.

ఇప్పటి చాలా ప్లేయర్లలో ప్రీఆంప్ (రిసీవర్‌లోని ఫోనో సర్క్యూట్ చేసే పనే చేసేది) లోపలే ఉంటుంది. వెనక ఫోనో, లైన్ అని స్విచ్ చూడండి. లైన్‌లో ఉంచి ఫోనో జాక్‌కి ఇస్తే రెండుసార్లు పెంచినట్టు. ఫోనోకి మార్చండి, స్విచ్ లేకపోతే ఆక్స్‌లో పెట్టండి.

మైక్‌సెట్ వాళ్ళ దగ్గర కొన్న పాత హెచ్‌ఎంవీ ప్లేయర్ ఉంది. దాన్ని ఫోనోలో పెట్టొచ్చా?

పెళ్ళిళ్ళలో, టూరింగ్ టాకీసుల్లో మోగిన ఆ కాలం ప్లేయర్లలో ఎక్కువగా ఉండేది సెరామిక్ లేదా క్రిస్టల్ కార్ట్రిడ్జ్. అది ఇచ్చేది వందల మిల్లీవోల్టులు, ఫోనోకి పెడితే పాట చెడిపోతుంది. ఆక్స్‌లో పెట్టండి. బేస్ పలచగా అనిపిస్తే ఆశ్చర్యపోకండి, ఆ కార్ట్రిడ్జ్‌కి ఒక మెగా ఓమ్ దరిదాపు ఇన్‌పుట్ కావాలి, ఆక్స్‌లో అంత ఉండదు. సూది బరువు కూడా ఎక్కువ, కొత్తగా కొన్న ఖరీదైన రికార్డుల్ని దాని మీద పెట్టకపోవడమే మంచిది.

జర్మనీ, హాలండ్ ప్లేయర్లకి ఐదు పిన్నుల గుండ్రటి డిన్ ప్లగ్గు ఉంటే అందులో 3 ఎడమ, 5 కుడి, 2 గ్రౌండ్. బజార్లో దొరికే అడాప్టర్లలో కొన్ని టేప్ రికార్డర్ కోసం చేసినవి, వైరింగ్ వేరుగా ఉంటుంది, మీటర్‌తో చూసుకుని వాడండి.

వాల్యూం సున్నా పెట్టినా మోత ఉంది, అన్ని సెలెక్షన్లలోనూ ఉంది.

అప్పుడు మాత్రం రిసీవరే. పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్లు నలభై యాభై ఏళ్ళలో ఎండిపోతాయి, డీసీ సాఫీగా రాదు, 100 హెర్ట్జ్ మోత రెండు స్పీకర్లలో వస్తుంది. మనం చేసే పని కాదు, ప్లగ్గు పీకాక కూడా వాటిలో చార్జ్ మిగిలి ఉంటుంది. విడి సామాను కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది: అదే మైక్రోఫారడ్, అంతే లేదా కొంచెం ఎక్కువ వోల్టేజ్, 105 డిగ్రీల రకం అడగండి. ఏళ్ళ తరబడి మూలన పడున్న సెట్‌ని నేరుగా కరెంటుకి కలపకుండా మొదటిసారి సిరీస్ బల్బు బోర్డు (బల్బు గుండా కరెంటు పరిమితంగా పోయేది) మీద పెట్టమని మెకానిక్‌కి చెప్పండి, మంచి మెకానిక్ అయితే మీరు చెప్పకముందే పెడతాడు.

ఖరీదైన వైర్లు కొంటే తగ్గుతుందా?

తగ్గదు. షీల్డ్ తెగిన వైరు మారిస్తే తగ్గుతుంది, రెండు వందల రూపాయలదైనా సరే. పొడవు పెంచకండి, కరెంటు వైర్లకి ఆనించి లాగకండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. ఆర్‌సీఏ జాకులు నల్లబడి ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ప్లగ్గుని నాలుగుసార్లు తిప్పండి, టేప్ మానిటర్ స్విచ్‌కీ సెలెక్టర్‌కీ కూడా అదే మందు. ఎర్రమట్టి దుమ్ము ఎక్కడ దూరదని.

అన్నీ చేశాం, పోలేదు. మెకానిక్‌కి ఏమని చెప్పాలి?

"మోత వస్తోంది" అని మాత్రం చెప్పకండి. వాల్యూంతో మారుతుందా, ఏ స్పీకర్, పిన్నులు తారుమారు చేస్తే మారిందా, షార్ట్ పిన్నులు పెడితే ఏమైంది, ఇవి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. రిసీవర్ ఒక్కటే తీసుకెళ్తే అక్కడ రేడియో పెట్టి చూసి బాగానే ఉందని తిప్పి పంపుతారు, కాబట్టి ప్లేయర్, దాని వైర్లు, ఎర్త్ వైరు అన్నీ పట్టుకెళ్ళండి. మిర్యాలగూడ నుంచి అయినా జడ్చర్ల నుంచి అయినా బస్సులో పోయేటప్పుడు సూదికి మూత పెట్టి, ఆర్మ్‌ని దారంతో కట్టి, వీలైతే పళ్ళెం తీసి విడిగా బట్టలో చుట్టండి.